డిక్కీ జలాశయం

మా ఆయన పనిచేసే శాఖ మా కారు డిక్కీని జలాశయంగా గుర్తించిన రోజు నాకు బాగా గుర్తు. ఆ పొద్దున నేను చేసిన ఉప్మా మొదటిసారి ఉండలు కట్టలేదు. ఒకే రోజు రెండు శుభాలు జరిగితే కొత్తగా పెళ్లైన మనిషి తట్టుకోవడం కొంచెం కష్టమే.

మా ఆయన పేరు నిరంజన్. తుమ్మలకోన ప్రాజెక్టులో అసిస్టెంటు ఇంజినీరు. మా క్వార్టరు సరిగ్గా ఆనకట్ట కింద ఉంటుంది. వంటింటి కిటికీ తెరిస్తే కట్ట కనిపిస్తుంది, మూస్తే అద్దంలో నా మొహం కనిపిస్తుంది. రెండూ చూడముచ్చటగానే ఉంటాయని ఆయన అంటారు. మాది కదిరి. మా వైపు వానొస్తే చేతిలో పని వదిలేసి వాకిట్లో నిలబడి చూస్తాం. అలాంటిది ఇన్నేసి నీళ్లను రోజూ ఊరికే చూడొచ్చని తెలిసి, కాపురానికొచ్చిన కొత్తలో నేను కిటికీ దగ్గర నిలబడి చాలా అన్నం మాడబెట్టాను.

పెళ్లిచూపుల్లో ఆయన "మీకేం ఇష్టం?" అని అడిగారు. "సముద్రం. ఇంతవరకూ చూడలేదు" అన్నాను. "నేను చూపిస్తా" అన్నారు, అక్కడే, అందరి ముందు, గట్టిగా. మా పిన్ని నవ్విన నవ్వుకి ఆమె చేతిలోని జంతికల పళ్లెం ఊగిపోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవుల్ని చూసే నేను సరేనన్నాను. ఉద్యోగం, ఎత్తు, గోత్రం లాంటి వివరాలు తర్వాత తెలిశాయి.

సముద్రానికి వెళ్లడానికి ఆయన ఒక పాత కారు కొన్నారు. వంకాయ రంగుది. ఇప్పటి కార్లలా కాదు, దాని డిక్కీ చిన్న సామాన్ల గదంత ఉంటుంది. నెలాఖరులో సెలవు కూడా మంజూరైంది. సూర్యలంక వెళ్లాలి, పొద్దున్నే నీళ్లలో నిలబడాలి, తిరిగొచ్చేటప్పుడు వేయించిన చేప తినాలి అని అంతా అనుకున్నాం. ఈలోగా వినుకొండలో ఉన్న మా ఆడపడుచు భోజనానికి పిలిస్తే వెళ్లి, వానలో తిరిగొచ్చాం. డిక్కీ తెరిచి చూస్తే సూట్‌కేసు నీళ్లలో తేలుతోంది. నా రాణీరంగు చీర తన రంగునంతా ఆయన తెల్లచొక్కాలకి ధారాదత్తం చేసింది. మర్నాటి నుంచి ఆయన గులాబీ చొక్కాల్లో ఆఫీసుకి వెళ్లారు. ఎవరైనా అడిగితే "మా ఆవిడ చీర రంగండీ" అని సంతోషంగా చెప్పేవారు.

"సముద్రానికి వెళ్లేలోపు ఆ లీకేజీ సంగతి తేల్చేద్దాం" అన్నారు ఆయన.

ఆ మాట అన్న మర్నాడే, కారు వెనక ఎర్రజెండా పాతి ఉంది.

జెండా పక్కన అంకమ్మరావు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అంకమ్మరావు లస్కరు. కట్ట మీదా, కాలవ వెంబడీ తిరుగుతూ ఎక్కడ తడి కనిపించినా కబురు చెప్పడం అతని ఉద్యోగం.

"అమ్మగోరూ, కారు తీయబాకండి. ఊట పడింది" అన్నాడు.

"ఊట కాదు అంకమ్మరావూ, డిక్కీలోంచి చుక్కలు పడుతున్నాయి చూడు."

"యాణ్ణుంచి పడితే నాకెందుకమ్మా. తడి కనపడితే జెండా పాతమన్నారు, పాతా."

ఇక్కడ ఒక ఆదేశం గురించి చెప్పాలి. అంతకుముందు ఏడాది వేరే ప్రాజెక్టులో, పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారని ఎవరో కట్ట ఊటలో గోనెసంచి కుక్కారట. ఊట పక్కనుంచి లేచి సరాసరి ఆ అధికారి బూట్లలోకి వెళ్లిందట. బూట్లు ఆరకముందే అన్ని ప్రాజెక్టులకీ ఆదేశం వచ్చింది: "జలాశయ పరిధిలో ఊట, చెమ్మ, తడి ఏ రూపమున కనిపించినను, కారణము నిర్ధారణ అగువరకు ఎవరును దానిని ఆపరాదు, తుడవరాదు, ఆరబెట్టరాదు." మా క్వార్టర్లు కట్ట కిందే కాబట్టి పరిధిలోకే వస్తాయి. ఆ రోజు నుంచీ కాలనీలో ఆడవాళ్లు తడి తువ్వాలు ఆరేయాలన్నా అటూ ఇటూ చూసి ఆరేస్తున్నారు.

మా ఆయన చాలా నిజాయితీపరుడు. ఏఈగా తన కారు కింద తనకే ఊట కనిపించిందని పైకి రాశారు. వాహనాన్ని కదల్చవద్దని దాని యజమానికి తాఖీదు ఇవ్వాలి కాబట్టి, తనకి తానే ఒకటి ఇచ్చుకున్నారు. యజమాని హోదాలో దాన్ని గుమ్మంలో నిలబడి అందుకున్నారు. సాక్షి సంతకం నాది. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి సంతకాలు పెట్టిన మొదటి కాగితం కదా అని నేను పేరు పక్కన చిన్న పువ్వు కూడా వేశాను.

పది గంటలకి మా ఆయన పైఅధికారి డీఈ సాంబమూర్తి గారు గొడుగేసుకుని వచ్చారు. ఆయన క్వార్టరు మాకు దిగువన, గోడ పక్కనే. వంగి, తడిని వేలితో అద్ది, నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నారు.

"జలాశయం నీరే" అన్నారు.

"వాన నీళ్లండీ అవి" అన్నాను.

"జలాశయంలో ఉండేదీ వాన నీరేగదమ్మా."

నాకు డిగ్రీలో లాజిక్కు లేదు. అందుకని ఊరుకున్నాను.

సాయంత్రానికి డీఈ గారికీ పైఅధికారైన ఈఈ మార్కండేయులు గారు జీపులో దిగారు. ఆయన మాట్లాడేటప్పుడు కూడా ఆఫీసు కాగితం చదువుతున్నట్టే ఉంటుంది. డిక్కీ మూత తెరిపించి, స్టెప్నీ గుంటలో నిలిచిన నీళ్లను చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు.

"అమ్మా, శాఖ దృష్టిలో నిలిచిన నీరు జలాశయము. కదిలిన నీరు కాలువ. కనపడని నీరు భూగర్భజలము. నాలుగవ స్థితి లేదు. కావున ఇది జలాశయము."

"సార్, నీళ్లు లోపలికి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూస్తే సరిపోతుంది కదా?" అని అడిగాను.

సాంబమూర్తి గారు దగ్గారు. మా ఆయన నేల చూశారు.

ఈఈ గారు మాత్రం చిన్నపిల్లకి చెప్పినంత ఓపికగా చెప్పారు. "మీరు శాఖకు కొత్త. జలాశయములోకి నీరు వచ్చుట హైడ్రాలజీ విభాగము పరిధి. వారి కార్యాలయము వేరే జిల్లాలో ఉన్నది. మన పరిధి నీరు వెళ్లుట వరకే."

"వెళ్లకుండా ఆపేస్తే?"

"కారణము తెలియకుండ ఆపరాదు. కారణము తెలియవలెనన్న పరిశీలించవలెను. పరిశీలించవలెనన్న ఊట ఉండవలెను. ఊట ఉండవలెనన్న నీటిమట్టము స్థిరముగా ఉండవలెను. కావున ప్రతిదినము తగ్గిన మేరకు నింపవలెను."

ఎక్కడా అతుకు కనబడని ఆ వాక్యాన్ని నేను నిజంగానే మెచ్చుకున్నాను. మా కారు డిక్కీకి అంత గట్టి రబ్బరు బీడింగు ఉండుంటే ఈ కథే ఉండేది కాదు.

మర్నాటి నుంచి అంకమ్మరావు పొద్దున్నే బిందెతో వచ్చేవాడు. డిక్కీ లోపలి గోడకి పసుపూ నలుపూ రంగుల్లో నీటిమట్టం చూసే గేజీ గీశారు. అతను అది చూసి, అక్కణ్ణుంచే ఆఫీసుకి వినపడేట్టు "రెండేళ్లు తగ్గిందండో!" అని కేకేసి, రెండు వేళ్ల మేర నీళ్లు పోసేవాడు. నేను టీ ఇచ్చేదాన్ని. ఆ కేకతోనే కాలనీ అంతా నిద్ర లేచేది. కోడికూత కంటే నాకు అదే నచ్చేది, ఎందుకంటే కోడి టీ బాగుందని చెప్పదు.

జలాశయం అన్నాక సామర్థ్యం చెప్పాలి, అదీ టీఎంసీల్లోనే చెప్పాలి. సున్నా పెట్టి, చుక్క పెట్టి, ఆ తర్వాత సున్నాలు రాసుకుంటూ పోతే కాగితం వెడల్పు చాలలేదు. అడ్డంగా తిప్పి రాశారు. పేరేమో 'డిక్కీ బ్యాలెన్సింగ్ రిజర్వాయరు' అని పెట్టారు. మా ఆయన కారు తాళంచెవికి తగిలించుకునే బిళ్ల మీద ఆ పేరు చెక్కించుకొచ్చారు. నేను తెగ నవ్వాను. కానీ నవ్వుతూనే గోడకున్న క్యాలెండరు చూశాను. నెలాఖరు దగ్గరికొస్తోంది. మావారి సెలవు మాత్రం మంజూరయ్యే ఉంది, మంజూరు కానిది కారే.

"బస్సులో పోదామా?" అన్నారు ఆయన ఒకరోజు.

"బస్సులో అయితే నువ్వు పక్కన కూచుంటావు, నడపవు" అన్నాను. ఇంట్లో ఆయన నాకు నువ్వు, గడప దాటితే మీరు. "నువ్వు కారు నడుపుతుంటే, మలుపు తిరగ్గానే సముద్రం కనపడాల. అట్లనే కదా అనుకున్నాం?"

"అలాగే అనుకున్నాం" అన్నారు దిగులుగా. గులాబీ చొక్కాలో దిగులు అంతగా నప్పదు.

ఇంతలో ఆయకట్టు సమస్య వచ్చిపడింది. డిక్కీలోంచి పడే చుక్కలు వాలు వెంబడి గోడ కన్నంలోంచి సాంబమూర్తి గారి పెరట్లోకి పోయేవి. అక్కడ ఆయన భార్య కాత్యాయని గారు ఎప్పుడో గుచ్చి మర్చిపోయిన పుదీనా ఒక్కసారిగా లేచింది. మామూలుగా లేవలేదు, దుబ్బులు దుబ్బులుగా లేచింది. కాలనీలో ప్రతి ఇంటికీ పుదీనా పచ్చడి వచ్చింది. మళ్లీ వచ్చింది. ఆ తర్వాత పచ్చడి గిన్నె గోడ మీద కనపడితే జనం తలుపులేసుకునే దాకా వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ గోడ మీంచి తొంగిచూశారు. "అమ్మాయ్, మీ డిక్కీ మూయించేస్తారంట గదా? నా పుదీనా సంగతేంది మరి?"

"ఏదో ఒకరోజు బాగు చేయించాలి కదండీ."

"బాగు చేయించు, కాదన్లా. నా నీళ్లు నాకు వదిలి బాగు చేయించు. హెడ్డు దగ్గర నేనే, టెయిలెండులోనూ నేనే. ఎండిపోతే నేను ఎవరి మీద ధర్నా చెయ్యాల, నా మొగుడి మీదేనా?"

ఈ సంగతి సాంబమూర్తి గారు రాతపూర్వకంగా పైకి పంపారు, ఇంట్లో ప్రశాంతత కోసం. ఆయకట్టుదారుల ప్రయోజనాలకు భంగం కలగకుండా చూడాలని పైనుంచి జవాబు వచ్చింది. అంటే ఇప్పుడు మా డిక్కీ కారడం మానేస్తే ప్రజా ప్రయోజనాలకు విరుద్ధం.

ఆ వారంలోనే పెద్దవాన పడింది. తెల్లారేసరికి డిక్కీ అంచుల దాకా నిండింది. ప్రాజెక్టు నిండితే జలహారతి ఇవ్వడం మా శాఖ ఆనవాయితీ. పెద్ద అధికారి పట్టుపంచె కట్టుకొచ్చి, గంగమ్మకి పసుపు, కుంకుమ, పూలు, రవికెగుడ్డ సమర్పిస్తారు. ఈఈ గారు ఆ ప్రకారమే వచ్చారు. మా కారు చుట్టూ మామిడాకులు కట్టారు. హారతి పళ్లెం నా చేతికిచ్చారు. కొత్త పెళ్లికూతురి చేత ఇప్పిస్తే మంచిదని కాత్యాయని గారు పట్టుబట్టారట. నేను పెళ్లినాటి చీర కట్టుకున్నాను. డిక్కీకి హారతి ఇవ్వాల్సి వస్తుందని పెళ్లిలో అనుకోలేదు గానీ, ఆ చీర మళ్లీ కట్టుకునే అవకాశం వచ్చినందుకు సంతోషంగానే ఉంది.

ఈఈ గారు మాట్లాడారు. "ఈ జలాశయము చిన్నదే కావచ్చును. కాని చక్రములు గల జలాశయము రాష్ట్రమున ఇది యొక్కటే. నీరు రైతు వద్దకు పోవుట చూచితిమి. జలాశయమే రైతు వద్దకు పోవు రోజు రానున్నది." చప్పట్లు మోగాయి. ఆయన రవికెగుడ్డలో పసుపూ పూలూ పెట్టి భక్తిగా డిక్కీలోకి వదిలారు.

గుడ్డ మునిగింది. తిరుగుతూ తిరుగుతూ స్టెప్నీ గుంటలోకి పోయింది. గుంట అడుగున ఒక చిన్న కన్నముంది. దానికుండే రబ్బరు బిరడా అరిగిపోవడం వల్లే కింద చుక్కలు పడుతున్నాయి. గుడ్డ సరాసరి వెళ్లి ఆ కన్నం మీద కూర్చుంది.

"ఊట ఆగిందండో!" అని కారు కిందనుంచి అంకమ్మరావు అరిచాడు.

ఈఈ గారి మొహం తెల్లబోయింది. ఆదేశం ప్రకారం ఊటని ఎవరూ ఆపరాదు. ఆపింది స్వయంగా ఆయనే, అదీ అందరి ముందు, మంగళవాద్యాలతో.

"తీయండి! వెంటనే తీయవలెను! ఎవరికైన చేయి అందునా?" అంటూ ఆయన పట్టుపంచె ఎగ్గట్టి డిక్కీలోకి సగం దూరారు. కాళ్లు మాత్రం బయట ఆడుతున్నాయి. సాంబమూర్తి గారు ఆ కాళ్లు పట్టుకున్నారు. సన్నాయి ఆయనకి ఎవరూ ఆపమని చెప్పకపోవడంతో ఆయన ఆపలేదు. చివరికి మా ఆయన వంటింట్లోంచి నా పట్టకారు తెచ్చి, గుడ్డని మెల్లిగా పైకి లాగారు.

అందరం వంగి చూశాం. ఒక్క చుక్క పడింది. ఆగి, ఇంకొకటి పడింది.

"పడతందండో!" అన్నాడు అంకమ్మరావు. ఈసారి చప్పట్లు హారతికి మోగినవాటి కంటే గట్టిగా మోగాయి. ఈఈ గారు కళ్లు తుడుచుకున్నారు. అవి డిక్కీ నీళ్లో కన్నీళ్లో చెప్పలేను.

ఆ సాయంత్రం పట్టకారు కడుగుతూ నాకు ఒకటి అర్థమైంది. వీళ్లంతా లీకేజీని వెతకడం లేదు, కాపలా కాస్తున్నారు. దాన్ని వెతకాల్సింది మేమే.

ఆదివారం మధ్యాహ్నం కాలనీ అంతా పచ్చడన్నం తిని పడుకున్నాక పని మొదలుపెట్టాం. వెతకకూడదని ఆదేశంలో ఎక్కడా లేదు. నేను చీర ఎగ్గట్టి, పెళ్లిపీట ఒకటి నీళ్లలో వేసుకుని, టార్చి పట్టుకుని డిక్కీలో కూర్చున్నాను. ఆయన మూత దించారు. లోపల చీకటి, పెట్రోలు వాసన, చీలమండల దాకా చల్లటి నీళ్లు. బయట ఆయన మొక్కల పైపుతో కారు మీద నీళ్లు కొడుతున్నారు.

"హారికా, భయంగా ఉందా?" అని మూత అవతలనుంచి అడిగారు.

"లేదు! వానలో గొడుగు లోపల కూచున్నట్టుంది. ఇంకా పైకి కొట్టు!"

"మూత అంచు మీద కొడుతున్నా. ఏమైనా వస్తోందా?"

"బీడింగు దగ్గర ఏం లేదు. అద్దం కింద కూడా ఏం లేదు. ఎడమకి రా... ఇంకా... ఆగు, ఆగు! వచ్చింది!"

ఎడమవైపు వెనక లైటు బిగించినచోట, లోపలి రేకు మీద, సన్నటి నీటి దారం ఒకటి టార్చి వెలుగులో మెరుస్తూ జారుతోంది. అంత మందిని అన్ని రోజులు పరుగులు పెట్టించింది అంత చిన్నది! దాన్ని చూస్తే ముద్దొచ్చింది. బొడ్లో దోపుకున్న గోళ్లరంగు సీసా తీసి దాని చుట్టూ చిన్న గుండ్రం గీశాను.

"నన్నూ చూడనీ" అంటూ ఆయన పైపు కారు మీదే పెట్టి లోపలికి దూరారు. పీట మీద ఇద్దరం పట్టలేదు. ఆయన నీళ్లలోనే కూర్చున్నారు. టార్చి వెలుగులో బాగా కనపడాలని మూత కొంచెం దించారు. అది టక్కుమని పడిపోయింది.

లోపలినుంచి తెరుచుకునే డిక్కీలు ఆ రోజుల్లో చేయలేదట. మొదట భయపడ్డాం, తర్వాత నవ్వు ఆగలేదు. ఆయన టార్చి వెలుగులో లైటు వెనకున్న రబ్బరు పట్టీ నలిగిపోయిన సంగతి చూపించి, నీరు ఏ వాలులో ఎలా దిగుతుందో చాలా శాస్త్రీయంగా వివరించారు. నేను ఆయన చెవులు చూస్తూ విన్నాను.

కాసేపటికి మూత తెరుచుకుంది. అంకమ్మరావు నిలబడి ఉన్నాడు, చేతిలో బిందె. సాయంత్రం రీడింగుకి వచ్చాడు. మమ్మల్ని చూశాడు. గేజీని చూశాడు. ఆఫీసు వైపు తిరిగి గొంతెత్తాడు.

"నాలుగేళ్లు పెరిగిందండో!"

"అంకమ్మరావూ, మేం లోపలున్నాం కాబట్టి పెరిగింది" అన్నారు మా ఆయన, వేళ్లాడుతున్న చొక్కాతో బయటికి దిగుతూ.

"లోపలెవురున్నారో రాసే గడి లేదండి బాబూ. నీళ్లెంతున్నాయో అంతే" అంటూ బిందె వెనక్కి పట్టుకుపోయాడు.

లైటు పట్టీ కొత్తది వినుకొండలో దొరికింది. బిగించబోతూ ఆయన చెయ్యి ఆపారు. "హారీ, ఆదేశం ఉంది కదా. ఆపరాదు."

"ఏం ఆపరాదు? ఊట, అంటే బయటికి పోయేది. ఇది లోపలికొచ్చేది. హైడ్రాలజీ వాళ్లది, వేరే జిల్లా."

ఆయన నన్ను చూసిన చూపు, ఏ ఆడదానికైనా పెళ్లయ్యాక ఒక్కసారి దక్కినా చాలు. పట్టీ బిగించాం. ఆ రాత్రి వాన దంచికొట్టింది. పైనుంచి డిక్కీలోకి ఒక్క బొట్టు కూడా రాలేదు. ఇప్పుడు మా డిక్కీలోకి నీళ్లొచ్చే దారి ఒక్కటే మిగిలింది: అంకమ్మరావు.

సెలవు మొదలవడానికి ఇక నాలుగు రోజులుందనగా ఈఈ గారు వారపు తనిఖీకి వచ్చారు. నేను టీ ఇచ్చి, పుదీనా పచ్చడి పెట్టబోయి ఆయన మొహం చూసి మానేసి, వినయంగా అడిగాను.

"సార్, మన జలాశయం నీళ్లు సముద్రంలోకి ఎంత వృథాగా పోతున్నాయి?"

ఆయన కప్పు పెదవుల దగ్గరే ఆగింది. నెలవారీ నివేదికలో ప్రతి జలాశయానికీ ఆ లెక్క ఉంటుంది. అందరూ రాస్తారు. సముద్రంలోకి వృథాగా పోతున్న నీరంటే మా శాఖలో ఎంత పెద్దవాళ్లకైనా ఆ పూట అన్నం సయించదు.

"సాంబమూర్తి గారూ, ఆ వివరము ఏమి వ్రాసితిరి?"

"గీత పెట్టానండి" అన్నారు డీఈ గారు చిన్నగా.

"గీతయా! పైవారు అడిగినచో? ఏ విధముగా కొలవవలెను?"

"సముద్రం దగ్గర కొలవాలేమో సార్" అన్నాను. "పెద్ద జలాశయాలని తీసుకెళ్లలేం. మనదానికి చక్రాలున్నాయి. ఆ రోజు మీరే అన్నారు."

ఈఈ గారు లేచి నిలబడ్డారు. తన మాట అవసరానికి పనికొచ్చిందని తెలిసిన అధికారి మొహంలో ఒక వెలుగుంటుంది. అది చూసి తీరాలి. "నిరంజన్! తమ సెలవు ఎప్పటినుండి?"

"సోమవారం నుంచి సార్."

"ఆ సెలవు దినములలోనే జలాశయమును సముద్రతీరమునకు తోడ్కొనిపోయి కొలత తీయవలెను. వాహన యజమానిగా మీరును, సాక్షిగా మీ శ్రీమతియు వెళ్లవలెను. గేజీ పరిశీలనకై లస్కరు వెనుక సీటులో కూర్చుండవలెను."

సముద్రం, సూర్యోదయం, ఆయన, నేను, వెనక సీట్లో అంకమ్మరావు. మావారి చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

అప్పుడు అంకమ్మరావు నోరు విప్పాడు. "నేను రానండయ్యా. నా బీటు కాలవ మీద తూము దాకానే. అది దాటి రీడింగు తీస్తే అవతల లస్కరు ఊరుకోడు, తగువైద్ది."

ఈఈ గారు ఆలోచించారు. పరిధి అన్నాక పరిధే. "నిజమే. తూము దాటిన పిదప గేజీ శ్రీమతి గారు చూడవలెను."

అంకమ్మరావు నా వైపు చూడకుండా టీ గ్లాసు చేతికిచ్చి, "పంచదార సరిపోయిందమ్మా" అని వెళ్లిపోయాడు. ఆ గ్లాసుని ఆ రోజు నేను రెండుసార్లు తోమాను.

ఇంక మిగిలింది పుదీనా. జలాశయం ఊళ్లో లేనన్నాళ్లూ బిందె నేరుగా పుదీనాకే పోయమని నేను చెప్పాను. కాత్యాయని గారు విని కళ్లు పెద్దవి చేశారు. "నేరుగానా? డిక్కీలో పొయ్యకుండా? అట్టా కూడా పొయ్యొచ్చా?" సాంబమూర్తి గారు దాన్ని 'తాత్కాలిక ప్రత్యామ్నాయ ఏర్పాటు'గా రాసుకున్నారు.

సోమవారం చీకటుండగానే బయల్దేరాం. డిక్కీలో జలాశయం, వెనక సీట్లో సూట్‌కేసు. గుంత వచ్చినప్పుడల్లా వెనక అలల చప్పుడు. "ఇప్పట్నుంచే సముద్రం వినపడుతోంది" అన్నాను. సూర్యలంక దగ్గర సరుగుడు తోటలు దాటాక రోడ్డు మలుపు తిరిగింది. ఆయన కారు మెల్లిగా చేశారు. ఎందుకో నాకు తెలుసు. కళ్లు మూసుకుని, మలుపు తిరిగాక తెరిచాను.

అంత పెద్దదని ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నేను ఏం మాట్లాడానో గుర్తులేదు. ఆయన మాత్రం నేను "ఓయమ్మో, దీన్ని యాడ పెట్టుకుంటారు?" అన్నానని ఇప్పటికీ అందరికీ చెబుతుంటారు.

తర్వాత డ్యూటీ చేశాం. డిక్కీ తెరిచి, స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టి అరిగిన బిరడా నేనే లాగాను. తుమ్మలకోన నీళ్లు, అంకమ్మరావు బిందెలు, ఈఈ గారి పసుపు, అన్నీ కలిసి గలగలా ఇసకలోకి పోయాయి. సముద్రం వైపు రెండు మూరలు పరిగెత్తి, ఇసకలో ఇంకిపోయాయి. ఒక అల వచ్చి చూసి వెళ్లింది.

"సముద్రంలోకి ఎంత పోయింది?" అన్నారు ఆయన.

"ఏమీ పోలేదు. ఇసక తాగేసింది."

"అయితే సున్నా" అని ఈఈ గారికి ఫోను చేశారు. ఆయన ఆ సున్నాని రెండుసార్లు చెప్పించుకున్నారు. సముద్రంలోకి ఒక్క చుక్క కూడా వృథా చేయని జలాశయం చరిత్రలో మాదేనట. పై వాళ్లకి చెప్పడానికి ఆయన అప్పుడే జీపెక్కుతున్నారట.

డిక్కీ తుడిచి ఆరబెట్టాం. పరిధి బయట కదా, ఆరబెట్టొచ్చు. కొత్త బిరడా వేశాం. రెండు రోజులూ డిక్కీలో గవ్వలు, ఇసక చెప్పులు, తడి తువ్వాళ్లు, ఆయన గులాబీ చొక్కా, నేను ఏరిన ఒక పెద్ద శంఖం వేసుకుని తిరిగాం. తిరుగుదారిలో వాన పడింది. ఆగి చూస్తే లోపలికి ఒక్క చుక్క రాలేదు. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది, కొంచెం దిగులు కూడా వేసింది. రేపట్నించి మనది మామూలు డిక్కీ, సెలవూ అయిపోయింది, మళ్లీ సముద్రం ఎప్పుడో!

కాలనీ గేటు దగ్గర అంకమ్మరావు బిందెతోనూ, ఈఈ గారు దండతోనూ నిలబడి ఉన్నారు. ఈఈ గారు దండ మా ఆయనకి వెయ్యలేదు, కారుకి వేశారు. తర్వాత స్వయంగా డిక్కీ మూత ఎత్తారు.

అడుగంతా ఇసక, ఇసకలో గవ్వలు.

ఆయన మొహంలో నవ్వు ఆరిపోయింది. వంగి, ఒక పిడికెడు తీసి, వేళ్ల మధ్య నలిపి చూశారు.

"పూడిక" అన్నారు గంభీరంగా. "జలాశయములో పూడిక చేరినది. సాంబమూర్తి గారూ, ఇది ఏ ప్రాంతమునుండి కొట్టుకొని వచ్చినదో, మూలము కనుగొనవలెను. ఏ విధముగా కనుగొనెదరు?"

సాంబమూర్తి గారు నన్ను చూశారు. అంకమ్మరావు బిందె కింద పెట్టి కాలవ తూము వైపు చూడసాగాడు. మా ఆయన చెవులు మెల్లిగా ఎర్రబడటం మొదలుపెట్టాయి.

నేను కొంగు సర్దుకుని, వినయంగా అన్నాను.

"మళ్లీ తీసుకెళ్లి చూడాలి సార్."